స్పర్శ పదములను నేర్చుట యెట్లు?

గడచిన తల్లిదండ్రుల సమావేశమునాడు ఒక పెద్దమనిషి నన్ను వరండాలో నిలిపి, "టీచరుగారూ, మావాడు శనివారమునాడు స్పానిషు నేర్చుకొందునని బడికి వచ్చి, బెల్లపు ముక్కలు నములుచు, వడ్రంగివాని గరుకు కాగితములను తడుముచు కాలము గడపి యింటికి వచ్చుచున్నాడట. ఇది చదువేనా యండీ?" అని యడిగిరి. వారి మాటలో కోపము లేదు. సందేహము మాత్రము కలదు. అట్టి సందేహమే మఱికొందఱు తల్లిదండ్రులకును, తోడి యుపాధ్యాయులలో నొకరిద్దఱకును కలదని తరువాత తెలిసికొంటిని. నిలువబడియున్నచోట నేను చెప్పిన బదులు నాకే తృప్తి కలిగింపలేదు. కావున మన పాఠశాల పత్రికలో సావకాశముగా నా యభిప్రాయమును విన్నవించుకొనుచున్నాను.

స్పానిషు భాష స్పెయిను దేశమున పుట్టి, సముద్రముల దాటి, నేడు ఇరువది స్వతంత్ర దేశములలో రాజభాషగా నున్నది. మెక్సికో మొదలు చిలీ వఱకు దానితో పని గడుపవచ్చును. అట్టి భాషను నేర్చుకొను పిల్లలకు మొదటి నెలలలో గుఱ్ఱము, కుర్చీ, ఎఱుపు, నలుపు మొదలగు మాటలు సులభముగానే వచ్చును. ఏలయన గుఱ్ఱమును బొమ్మలో చూపవచ్చును. ఎఱుపును రంగుకాగితముతో చూపవచ్చును. కాని గరుకుదనమును బొమ్మలో చూపుట యెట్లు? జిగటను నల్లబల్లపై వ్రాయుట యెట్లు? చేతికిని నోటికిని తగిలిన వస్తువు ఎట్లున్నదో తెలుపు మాటలకు నేను స్పర్శ పదములని పేరు పెట్టితిని. కంటికి చూపరాని యీ మాటలను కంటితో చదివించి నేర్పబోవుటయే మనము చేయుచున్న పొరపాటు.

ఆ పొరపాటు నేనును చేసితిని. కొన్ని సంవత్సరముల క్రిందట నలువది స్పర్శ పదములను ఒక పట్టికగా వ్రాసి, ఒక్కొక్కదాని కెదురుగా ఇంగ్లీషు మాట నుంచి, వల్లెవేయించితిని. ఆ యేడు పరీక్షలో నలువదికి నలువది మార్కులు తెచ్చుకొన్న బాలిక యొకతె కలదు. ఆమె తరువాత నర్సు పని నేర్చుకొని, స్పెయినులో వృద్ధుల గృహమొకదానిలో కుదిరెను. చేరిన తొలివారముననే నాకు ఉత్తరము వ్రాసెను. పక్షవాతమువలన మ్రింగుట కష్టమైన యొక ముసలాయన మంచముకడ ఒక చీటి యుండెనట. దానిపై "అగువా, తెక్స్తూరా మియెల్" అని వ్రాసియుండెను. అగువా యన నీళ్లు, మియెల్ అన తేనె. రెండును నా పట్టికలోనివే. ఆమె గ్లాసెడు నీళ్లలో రెండు చెంచాల తేనె కలిపి, త్రిప్పి, ఆయన నోటికడకు ఎత్తబోవుచుండగా పెద్ద నర్సు పరుగున వచ్చి చేయి పట్టుకొనెను.

ఆ చీటి కర్థము నీళ్లలో తేనె కలుపుమని కాదు. నీళ్లలో చిక్కదనమిచ్చు పొడిని కలిపి, తేనె యెంత చిక్కగా జాఱునో అంత చిక్కగా జాఱునట్లు చేసి త్రాగింపుమని. గొంతు బలహీనపడిన వారికి పలుచని నీళ్లు మిక్కిలి వేగముగా జాఱి, అన్ననాళమునకు బదులు శ్వాసనాళమున దిగి, ఊపిరితిత్తులకు చేటు తెచ్చును. అందుచేత స్పెయిను వైద్యశాలలలో అట్టివారి పానీయములకు నెక్తార్, మియెల్, పూదిన్ అని మూడు చిక్కదనములు ఏర్పఱచి వాడుచు వచ్చిరి. ఇటీవలి అంతర్జాతీయపు కొలతలో 0 మొదలు 7 వఱకు ఎనిమిది మెట్లు కలవు. మాట తెలిసియు దాని స్పర్శ తెలియకపోవుట ఒక మనుష్యుని ప్రాణముమీదికి వచ్చుటకు జానెడు దూరమే యుండెను. ఆ పిల్ల తన్ను తాను నిందించుకొనుచు వ్రాసెను. నేను ఆ యుత్తరము చదివి నన్ను నిందించుకొంటిని.

నన్ను మిక్కిలి బాధించిన సంగతి వేఱొకటి కలదు. ఆ పిల్ల యింట ఏటేట క్రిస్మసు పండుగకు అరిసెలు వండుదురు. తల్లి పొయ్యిమీద బెల్లము కాచుచు, పళ్లెములోని నీళ్లలో ఒక చుక్క వేసి వ్రేళ్లతో చూచి, "ఇంకను లేతపాకమే, తీగపాకము రావలెను, ఇదిగో ఉండపాకమైనది" అని చెప్పుట ఆమె చిన్ననాటినుండి విన్నదే, చూచినదే, తాకినదే. నెక్తార్, మియెల్, పూదిన్ అనునవియు అట్టి పాకముల పేర్ల వంటివే గదా! "అమ్మాయీ, ఇక్కడ మియెల్ అనునది వస్తువు పేరు కాదు, పాకము పేరు" అని నేను ఒక్క వాక్యము చెప్పియున్న యెడల ఆమె ఎన్నడును మఱచియుండదు. ఆమె వ్రేళ్లకు తెలిసిన జ్ఞానమును నేను తట్టి లేపలేదు. దానిని దాటిపోయి, నడుమ నొక ఇంగ్లీషు మాటను నిలిపితిని.

కావున నా యభిప్రాయ మిది: స్పర్శ పదములను నేర్చునప్పుడు మొదట వస్తువును తాకవలెను, తాకినదానికి తెలుగులో మనవారు వాడు మాటను చెప్పుకొనవలెను, పిదప స్పానిషు మాటను దానికి జతపఱుపవలెను. తెలుగు పిల్లకును స్పానిషు మాటకును నడుమ ఇంగ్లీషు పట్టికను నిలుపరాదు. ఇంగ్లీషుపై నాకు ద్వేషము లేదు. దానిని బోధించియే జీవించుచున్నాను. కాని యీ పనికి అది చుట్టుదారి.

ఉదాహరణ చెప్పెదను. ఇంగ్లీషులో సాఫ్ట్ అను ఒక్క మాటతో గడచిపోవు చోట స్పానిషువారు మూడు మాటలు వాడుదురు. నొక్కినప్పుడు లోనికి పోవునది బ్లాందో: మిగులపండిన అరటిపండు, క్రొత్త దిండు. నిమిరినప్పుడు చేతికి హాయిగా నుండునది స్వావె: పిల్లి బొచ్చు, పసిబిడ్డ చెక్కిలి. పంటికి ఎదురుతిరుగక తెగునది తియెర్నో: బాగుగా నుడికిన లేత మాంసము. వీనికి చుట్టముగా లీసో అను మఱియొక మాట కలదు: ఎత్తుపల్లములు లేని నున్నని గాజుపలక లీసోయే గాని బ్లాందో కానేకాదు. దీనికి వ్యతిరేకమైన గరుకు ఆస్పెరో. రోగులకిచ్చు మెత్తని పథ్యమును దియేతా బ్లాందా యందురు. ఇంగ్లీషు పట్టిక చదివిన మా పిల్లవాడొకడు బ్లాందో అనగా బ్లాండ్ అనుకొని, పప్పు చప్పగా నున్నదని చెప్పుటకు ఆ మాటను వాడెను. చప్పనిదానికి స్పానిషులో సోసో అను వేఱు మాట కలదు. వాని పప్పు ఉప్పు లేనిదై యుండగా వాక్యములో మెత్తనిదై కూర్చుండెను.

తియెర్నో అను మాటను చూడుడు. ఇంగ్లీషు దారిని వచ్చినవాడు దీనిని మాంసమునకే కట్టిపెట్టును. కాని స్పానిషువారు లేత చిగుళ్లను తియెర్నో యందురు. ఆనాడు కాల్చిన రొట్టెను పాన్ తియెర్నో యందురు. పసితనమునకును ఈ విశేషణమునే వాడుదురు. జున్నులోను తియెర్నో అను తరగతి కలదు: స్పెయిను ప్రభుత్వపు 2006వ సంవత్సరపు నిబంధన ప్రకారము ఏడు దినములైన మాగినది తియెర్నో; ఒకటిన్నర కిలోకు మించిన ముద్దయైనచో 105 దినములు మాగిన తరువాతనే కురాదో అను పేరు పొందును. లేత కొబ్బరి, లేత బెండకాయ, లేత యెండ, లేత ప్రాయము అని పలుకు పిల్లకు ఇందులో వింత యేమి కలదు? ఆమె నాలుకమీద ఆ మాట అప్పుడే సగము సిద్ధముగా నున్నది.

పరిశుద్ధ గ్రంథమునుండి యొక నిదర్శనము చెప్పుట మన పాఠశాలలో తగియుండును. ఆదికాండము ఇరువదియేడవ అధ్యాయమున యాకోబు తన్నును తన యన్నను పోల్చుకొనుచు, అన్న రోమము గలవాడనియు తాను నున్ననివాడననియు తల్లితో చెప్పును. మన తెలుగు బైబిలును ఇంగ్లీషు బైబిలును ఇచ్చట నునుపును చెప్పు మాటనే వాడినవి. స్పానిషు బైబిలును కసియొదోరొ దె రేనా 1569లో బాసెలు నగరమున అచ్చొత్తించెను. సిప్రియానో దె వలేరా దానిని సరిదిద్ది 1602లో ప్రకటించెను. ఆ పరంపరలోని 1960వ సంవత్సరపు ప్రతిలో ఇచ్చట లీసో అను మాట లేదు. లంపీన్యో, అనగా వెండ్రుకలు లేనివాడు, అని యున్నది. పట్టిక పట్టుకొని అనువదించువాడు యాకోబును గాజుపలకను చేసియుండును! అదే కథలో ఇస్సాకు కుమారుని తడిమి చూచుటకు పల్పార్ అను క్రియ వాడబడినది. ఊరక తాకుటకు తొకార్ అందురు. తెలిసికొనవలెనని తడుముటకు పల్పార్ అందురు. గ్రుడ్డివాడైన తండ్రి చేసినది రెండవది.

అయితే ఆ కథయే నా వాదమునకు హద్దును కూడ చూపుచున్నది. ఇస్సాకు చేయి మేకపిల్లల తోళ్లచే మోసపోయెను. చెవి మాత్రము స్వరము యాకోబుదని పలుకుచునే యుండెను. చేయి ఒక్కటియే చాలదు. మాట ఒక్కటియే చాలదు. రెండును కలిసి సాక్ష్యమీయవలెను. అందుచేత మా శనివారపు తరగతిలో తడుముటతో పాటు పలుకుటయు, వ్రాయుటయు, వల్లెవేయుటయు జరుగుచునే యున్నవి. కంఠస్థము వలదని నే ననలేదు. కంఠస్థము మొదటిది కారాదని మాత్రమే నా మాట.

తెలుగు మనకెట్లు తోడ్పడునో మఱి రెండు విషయములు మనవి చేసెదను. మొదటిది మాటల నిర్మాణము. స్పానిషులో వస్తువు పేరునకు "ఓసో" అను ప్రత్యయము చేర్చి స్పర్శ పదములను విరివిగా చేయుదురు. అరీనా యన పిండి. అరినోసో యన పిండిపిండిగా నుండునది. అరేనా యన ఇసుక. అరెనోసో యన ఇసుకఇసుకగా నుండునది. ఫీబ్రా యన పీచు. ఫిబ్రోసో యన పీచుపీచుగా నుండునది. గ్రూమో యన ఉండ. గ్రుమోసో యన ఉండలుండలుగా నుండునది. పెగార్ అన అంటించుట. పెగహోసో యన జిగురుజిగురుగా నుండునది. హూగో యన రసము. హుగోసో యన రసము నిండినది. వారు ప్రత్యయము చేర్చుచోట మనము మాటను రెండుమాఱులు పలుకుచున్నాము. ఈ కిటుకు తెలిసిన పిల్లవాడు ఒక మాట నేర్చి రెండు మాటలు సంపాదించును. అరినోసోకును అరెనోసోకును భేదము ఒక్క అచ్చు మాత్రమే. కాని బాగుగా నుడికిన బంగాళాదుంపను, కడుగని ఆకుకూరను ఒకసారి నోటబెట్టుకొన్నవాడు ఆ రెంటిని తాఱుమాఱు చేయడు.

రెండవది మిక్కిలి ముఖ్యమైనది. ఇంగ్లీషులో ఈజ్ అను ఒక్క క్రియ యున్నచోట స్పానిషులో సేర్, ఎస్తార్ అను రెండు క్రియలు కలవు. స్వభావమును చెప్పుటకు మొదటిది, అప్పటి స్థితిని చెప్పుటకు రెండవది. ఎల్ యెర్రో ఎస్ దూరో: ఇనుము గట్టిది. ఎల్ పాన్ ఎస్తా దూరో: రొట్టె గట్టిగా నున్నది. రొట్టె పుట్టుకతో గట్టిది కాదు, నిలువయుండి గట్టిపడినది. అందుచేత క్రియ మాఱినది. ఇంగ్లీషు దారిని వచ్చు విద్యార్థికి ఈ భేదము నెలల తరబడి పట్టువడదు. తెలుగువానికి అది పుట్టుకతో వచ్చినది: "గట్టిది" అనుటకును "గట్టిగా నున్నది" అనుటకును భేదము మన పశులకాపరికిని తెలియును. ఈ పోలిక ప్రతిచోటను అచ్చుగా సరిపోవునని నేననను. మొదటి మెట్టు ఎక్కుటకు మాత్రము ఇంతకంటె మంచి చేయూత లేదు. స్పర్శ పదములు చాలవఱకు ఈ రెండు క్రియలతోనే వచ్చును గాన వానిని కలిపియే నేర్పవలెను. అట్లే వస్తువు స్త్రీలింగమైనచో లీసో లీసాయగును, దూరో దూరాయగును; స్వావె మాత్రము మాఱదు.

ఇక ఆహారపు మాటలు. ఆగ్నేయ స్పెయినులోని అలికాంతె ప్రాంతమున క్రిస్మసుకు తుర్రోన్ అను మిఠాయి చేయుదురు. బాదముపప్పు, తేనె, గ్రుడ్డు తెల్లసొన దాని ప్రధాన దినుసులు. బాదముపప్పును అట్లే యుంచి పలకగా చేసినచో అలికాంతె తుర్రోన్. అది దూరో, పండ్లకు పని చెప్పును. అవే దినుసులను మెత్తగా నూఱినచో హిహోనా తుర్రోన్. అది బ్లాందో, నోట కరగును. దినుసు లొక్కటియే, పేరును రుచియు మార్చినది స్పర్శయే. వేరుసెనగపప్పును బెల్లమును ఒకనాడు పట్టిగా కొట్టి, మఱియొకనాడు దంచి ఉండలు చుట్టు మన తల్లులకు ఇది చెప్పవలసిన పని లేదు. కానరీ ద్వీపములలో బంగాళాదుంపలను ఉప్పు మిక్కుటముగా వేసిన నీటిలో నుడికించి, తొక్క ముడుతలు పడువఱకు ఆరబెట్టి, వానిని ముడుతల దుంపలనియే, పాపాస్ అర్రుగాదాస్ అనియే, పిలుతురు. పాలు పేరుకొనుటకు క్వహార్ అను క్రియ కలదు. గ్రుడ్డును బంగాళాదుంపయు కలిపి వేయు తొర్తీయా అను అట్టు లోపల పూర్తిగా పేరుకొని క్వహాదాగా నుండవలెనా, కొంచెము రసము మిగిలి హుగోసాగా నుండవలెనా యని స్పెయినువారు భోజనపు బల్లకడ నేటికిని వాదించుకొందురు.

కరకరలాడునది క్రుహియెంతె. కరకరలాడవలసినది తేమ తగిలి మెత్తబడి సాగినచో దానికి రెవెనీదో అను ప్రత్యేకమైన మాట కలదు. 1713లో స్థాపింపబడిన స్పానిషు రాజ భాషాపరిషత్తు తన నిఘంటువులో దీనిని బ్లాందో, కొర్రెయోసో అను రెండు మాటలతో వివరించుచున్నది. కొర్రేయా యన తోలుపట్టె. కొర్రెయోసో యన తోలువలె సాగునది. నిఘంటువు చదివి దీనిని గ్రహించుట కష్టము. వానకాలమున డబ్బా మూత సరిగా పెట్టక, మఱునాడు అప్పడమును కొఱికిన పిల్లకు ఒక్క క్షణము చాలును.

ఇచ్చట నా పక్షమున గల కొఱతలను దాచుట న్యాయము కాదు. తెలుగు మాట ప్రతిసారియు సరియైన త్రోవ చూపదు. మన "మెత్తన" అను మాట నొక్కుటకును నిమురుటకును కూడ చెల్లును గాన బ్లాందో, స్వావెల భేదమును చేతితోనే నేర్పవలెను. మదూరో అను స్పానిషు మాట మన ముదురు అను మాటవలె వినబడును, ఇది కాకతాళీయము. మదూరో యన పండినది; మామిడిపండునకు అది మెచ్చుకోలు. ముదురు బెండకాయకు దానిని వాడరాదు. పీచుదేరిన కాయను ఎవ్వరును మెచ్చుకొనరు గదా. దేశభేదములును కలవు. స్పెయినులో బ్లాందో అనవలసిన పెక్కుచోట్ల మెక్సికోలో స్వావె యందురు. క్రుహియెంతె అనుటకు దక్షిణ అమెరికాలో పెక్కుమంది క్రొకాంతె యందురు. క్యూబాలో బెండకాయను కింబొంబో యనియు, దాని జిగురును బాబా యనియు పిలుతురు. ఈ కడపటి మాట చెప్పిననాడు మా తరగతిలో నవ్వు ఆగలేదు. ఆ మాటను మాత్రము ఒక్కరును మఱవలేదు. ఈ భేదములు కూడ పట్టికకంటె స్పర్శయే శరణమని చెప్పుచున్నవి. చేతిలో వస్తువున్నవాడు "మీ యూర దీని నేమందురు?" అని యడుగగలడు, పట్టిక మాత్రమే యున్నవాడు అడుగుటకు ఏమియు లేక నిలుచును.

ఈ పద్ధతి నా కల్పన కాదు. మరియా మాంటిసోరి 1907లో రోమునగరమున పసిపిల్లల గృహమును తెఱచిన నాటినుండియు గరుకు పలకలను, నున్నని పలకలను పిల్లల వ్రేళ్ల క్రింద నుంచి మాటలు నేర్పెను. ఆమె చాలకాలము స్పెయినులోని బార్సిలోనాలో నివసించి, 1936లో అంతర్యుద్ధమువలన దానిని విడిచెను. 1939లో మద్రాసునకు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. ఆమె ఫ్రెంచి వైద్యుడగు సెగెన్ నుండి గ్రహించిన మూడు మెట్ల పాఠమును ఉపాధ్యాయ కళాశాలలో మేమందఱము చదివితిమి. మొదట, "ఇది గరుకు, ఇది నునుపు" అని తాకించి చెప్పుట. పిదప, "గరుకైనది నాకిమ్ము" అని యడిగి ఏర్పఱింపించుట. కడపట, "ఇది యెట్లున్నది?" అని యడిగి మాటను రాబట్టుట. నేను ఆ మూడు ప్రశ్నలను స్పానిషులో నడుగుచున్నాను, అంతే. గరుకు కాగితము, గాజుపలక, పట్టుగుడ్డ పీలిక, బెల్లము, వేపిన సెనగలు, ఉడికిన దుంప: ఇవియే మా సామగ్రి. పిల్లలు చేతులు కడుగుకొని, కన్నులకు గంతలు కట్టుకొని, తడిమి, రుచి చూచి, పేరు చెప్పుదురు. ఆటవలె కనబడుట నిజము. ఆటలో తప్పిన మాట పరీక్షలో తప్పదు.

"ఇన్ని మాటలకు ఇంత కాలము పట్టినచో పాఠ్యభాగము పూర్తియగునా?" అని తోడి యుపాధ్యాయులు అడుగవచ్చును. ఒక శనివారము ఆఱు మాటలకు మించి నేను చెప్పను. పట్టికతో నైనచో ఇరువది చెప్పవచ్చును. కాని వేసవి సెలవుల తరువాత ఆ యిరువదిలో ఎన్ని మిగులునో మనమందఱము ఎఱిగినదే. పైగా కొన్ని మాటలు మిగిలి, వాని స్పర్శ మిగులనిచో ఏమగునో ఆ ముసలాయన మంచముకడ నా శిష్యురాలు నేర్చుకొనెను.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ పాఠమున సగము మీ యిండ్లలోనే జరుగవలెను. నేటి పిల్లలలో అనేకులకు పెళుసునకును బిరుసునకును భేదము తెలియదు. పాకముల పేర్లు వినియెఱుగరు. అన్నిటిని సాఫ్ట్, హార్డ్ అను రెండు మాటలతో సరిపెట్టుచున్నారు. తెలుగులో చేతికి మాటలు లేని పిల్లకు స్పానిషులో మాటలు ఎక్కడనుండి తెచ్చియిత్తును? వంటయింట మీ ప్రక్కను నిలిపి, పిండి తడుపునప్పుడు, చింతపండు పిసుకునప్పుడు, పెరుగు తోడుకొన్నదో లేదో చూచునప్పుడు, వారిచే తాకించి ఆ మాటలు చెప్పుడు. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకును చెప్పుడు. అవి పరాయి భాషకు పునాదులు. మన భాషకు ప్రాణము.

విద్యార్థులారా, మీకును ఒక మాట. క్రొత్త మాట కనబడినప్పుడు దాని కెదురుగా నేమి వ్రాసియున్నదని మాత్రమే చూడకుడు; దానిని తాకి యెఱుగుదునా యని మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు. ఎఱుగనిచో ఆ మాట ఇంకను మీది కాదు.

నా పాత శిష్యురాలు ఆ గృహముననే పనిచేయుచున్నది. నిరుడు సెలవులకు వచ్చినప్పుడు మా శనివారపు తరగతికి రమ్మంటిని. ఆమె తనతో చిక్కదనమిచ్చు పొడి యొక డబ్బా తెచ్చి, మూడు గ్లాసుల నీళ్లను మూడు విధములుగా కలిపి, ప్రతి పిల్లచేతికి చెంచా యిచ్చి జాఱవిడువుమనెను. "అమ్మగారూ, రెండవది మా యమ్మ తీగపాకమువలె నున్నది" అని ఒక చిన్నది అరచెను. "అదే మియెల్" అని ఆమె నావైపు చూచెను. వరండాలో నన్నడిగిన పెద్దమనిషికి నేనీయవలసిన బదులు అదియే.